జెద్దా దారిలో మాల్టా

కారులో మేం ముగ్గురం. నడుపుతున్నది జబ్బార్ భాయ్, హైదరాబాద్ పాతబస్తీ మనిషి, సౌదీ తూర్పు తీరంలోని ఖతీఫ్‌లో మా కంపెనీ డ్రైవర్. ఆయన పక్కన గంగారాం కాక, జగిత్యాల జిల్లా, పైప్ ఫిట్టర్. వెనక సీట్లో నేను, ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని, కాక పక్క మండలం వాణ్ని. సామాను: నీళ్ల కూలర్ ఒకటి, ఖతీఫ్ ఖర్జూరం డబ్బా ఒకటి, హ్యాంగర్‌కు వేలాడుతున్న ఇస్త్రీ చొక్కా ఒకటి, కాక సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ సంచి, నేను ఆఫీసు ప్రింటర్‌లో తీసిన మాల్టా దేశపటం.

ఆ పటం కోసమే ఈ ప్రయాణం. మాల్టాలో హోటళ్ల నిర్వహణ చూసే ఒక కంపెనీ గల్ఫ్‌లో పనిచేస్తున్న ఫిట్టర్లను తీసుకుంటోందని, ఇంటర్వ్యూలు జెద్దాలో అని కబురు వచ్చింది. పని గురించే కాదు, ఆ దేశం గురించీ అడుగుతారని ఏజెంట్ చెప్పాడు. ఖతీఫ్‌లో కాక కాంట్రాక్టు అయిపోయింది. కాకకు ఫైనల్ ఎగ్జిట్ పడింది. రెండు నెలల్లో దేశం వదలాలి. ఆయన కూతురు మౌనిక మాల్టాలో ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది. కాక భార్య పోయి నాలుగేళ్లయింది. కూతురి దగ్గరికి చేరడానికి ఆయనకున్న దారి ఈ ఇంటర్వ్యూ ఒక్కటే.

జబ్బార్ భాయ్ ఈ కారును జెద్దా బ్రాంచిలో అప్పగించి, అటునుంచి అటే మక్కాకు, ఉమ్రా యాత్రకు వెళ్లాలి. సీట్లు ఖాళీగా ఉన్నాయి కాబట్టి మేం ఎక్కాం. కాకకు దారంతా మాల్టా పాఠం చెప్పడానికి నేను సెలవు పెట్టాను.

ఖతీఫ్ వదిలాక

ఖర్జూర తోటలు వెనకబడ్డాక గంటసేపు చదును నేల, కరెంటు స్తంభాలు. తర్వాత దహ్నా ఎడారి ఇసుక వస్తుంది. మన చల్కా నేలలా ఎర్రగా ఉంటుంది. తేడా ఏమిటంటే అందులో ఒక్క రాయి కూడా కనిపించదు. ఒంటెలు కంచె వెంట వరసగా నడుస్తుంటాయి, వాటి వెనక పికప్ బండిలో కాపరి. మన దగ్గర గొర్లకాపరి నడుస్తాడు, ఇక్కడ బండిలో పోతాడు. మిగతా అంతా ఒకటే, చేతిలో కర్రతో సహా.

"కాకా, మాల్టా ఎక్కడుంది?"

"ఇటలీ కింద."

"సరిగ్గా చెప్పు."

"ఇటలీ కింద సిసిలీ, సిసిలీ కింద మాల్టా. మధ్యధరా సముద్రం నట్టనడుమ. చాలా?"

జబ్బార్ భాయ్ అద్దంలో నన్ను చూశాడు. "ఇంజనీర్ సాబ్, జర ఆ పటం ఇటు చూపియ్. అరే, దీని మీద ఈగ వాలితే గంగారాం భాయ్ దేశం కనబడదు."

నిజానికి ఈగ వాలినంతే. మొత్తం మూడు వందల పదహారు చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ నగరంలో సగం కూడా కాదు. మనుషులుండేవి మూడు దీవులు: మాల్టా, గోజో, కొమీనో. మూడోదాంట్లో ఉండేది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కొండ అనదగిన కొండ లేదు. అత్యంత ఎత్తైన చోటు దక్షిణాన సముద్రం మీదికి నిలువుగా తెగిన గట్టు, రెండు వందల యాభై మీటర్ల పైచిలుకు. నేలంతా సున్నపురాయి, తేనె రంగుది. ఇళ్లు, కోటలు, చర్చిలు అన్నీ ఆ రాయితోనే కట్టారు. ఏడాదంతా పారే నది ఒక్కటి కూడా లేదు.

ఇక్కడ కాక నన్ను ఆపాడు. "మరి నీళ్లేం తాగుతరు?"

"ఎక్కువ భాగం సముద్రం నీళ్లే. ఉప్పు తీసి."

"గట్లనా. మన లెక్కనే." పటం మీద వేలు పెట్టాడు. "ఉప్పు నీళ్లు పైపును కొరుకుతయి. అయితే నాకు పని దొరుకుతది."

మధ్యలో చెక్‌పోస్ట్ వచ్చింది. కుర్ర పోలీసు మా ఇకామాలు, అంటే నివాస కార్డులు చూసి, నన్ను చూపిస్తూ కాకను అరబ్బీలో అడిగాడు, వీడు నీ బంధువా అని. "మాఫీ," అన్నాడు కాక, అరబ్బీలో లేదు, ఎవరూ కాదని. మీవాళ్లు ఇంకెవరైనా ఇక్కడ ఉన్నారా అని మళ్లీ అడిగాడు. "మాఫీ." పోలీసు చెయ్యి ఊపాడు, బండి కదిలింది.

నాలుగేళ్లుగా ఒకే కుండలో అన్నం వండుకుని తింటున్నాం. "నేను ఎవరినీ కానా కాకా?" అన్నాను.

"ఉన్నరంటే ఎవరు అంటడు. ఎవరో చెప్తే యాడ పనిచేస్తడు అంటడు. నువ్వు ఒక్క మాట చెప్తే వాడు ఇంకో కాయిదం అడుగుతడు. ఇరవై రెండేండ్ల సంది నేను ఎవ్వలకాడ కూడా ఇంతకంటే ఎక్కువ చెప్పలే."

"అందుకే నిన్ను ఎవడూ పట్టుకోలే," అన్నాడు జబ్బార్ భాయ్.

"నువ్వు రెండుసార్లు దొరికినవ్, ఎక్కువ మాట్లాడి."

రియాద్ ఇంకా గంట ఉందనగా కూలర్ మూత ఊడి నీళ్లు నా ఒళ్లో పడ్డాయి. చొక్కాకు ఏమీ కాలేదు. పటం మాత్రం తడిసి, గోజో దీవి సగం చెరిగిపోయింది. దాన్ని ఏసీ గాలికి పెట్టి ఆరబెట్టాను.

మలాజ్

రియాద్‌లో ఆ సాయంత్రం మలాజ్‌లో ఆగాం. పాత పేట. కొత్త రియాద్‌లోని అద్దాల మేడలు ఇక్కడ లేవు. టైలర్లు, వాచీలు బాగుచేసేవాళ్లు, మొబైల్ కొట్లు, వాటి పైన మూడంతస్తుల పాత ఇళ్లు. ఒక సందు చివర రాయచోటి మనిషి బాషా నడిపే మెస్ ఉంది. భోజనం పన్నెండు రియాళ్లు. సంగటి శుక్రవారం మాత్రమే అట. ఆ రోజు బుధవారం. అన్నం, పప్పు, వేయించిన చేప, గోంగూర పచ్చడి పెట్టారు. ఖతీఫ్‌లో మేం పట్టిన రోజే కోసిన చేప తింటాం కాబట్టి ఇక్కడి చేప గురించి చెప్పను. పచ్చడి మాత్రం ఇంటిదాకా తీసుకెళ్లింది.

బాషా నీళ్ల గ్లాసులు పెడుతూ అడిగాడు. "యాడికి పోతాండారు?"

"జెద్దాకు. మాల్టా నౌకరీకి," అన్నాడు కాక.

"యాడుండాది అది?"

నేను నోరు తెరిచేలోపే కాక ఎంగిలి చేత్తోనే గాలిలో గీత గీశాడు. ఇటు ఆఫ్రికా, అటు ఇటలీ, నడుమ ఇది. తర్వాత చరిత్ర మొదలుపెట్టాడు. దారంతా నేను చెప్పింది ఇంత వరసగా మనసులో పెట్టుకున్నాడని నాకు తెలియదు.

"మొదలు ఎవ్వరో రాతి గుళ్లు కట్టిన్రు. ఈజిప్టు పిరమిడ్లకంటే పాతయి. ఎవ్వరో ఏమో, పేరు కూడా తెల్వది. తర్వాత ఓడల మీద బేరం చేసేటోళ్లు వచ్చిన్రు. తర్వాత రోమ్ రాజులు. తర్వాత అరబ్బులు. మాట అరబ్బులది మిగిలింది, మతం కిరస్తానమైంది. ఇంకెవ్వరో సిసిలీ రాజులు. వాళ్ల తర్వాత గుర్రాల దొరలు, సిలువ గుర్తు బట్టలేసుకునేటోళ్లు. తురక సుల్తాను ఓడలు చుట్టుముడితే ఎండకాలం అంత కోటల కూసోని తండ్లాడి నిలిచిన్రు. తర్వాత ఫ్రాన్సోడు, ఆఖరుకు ఇంగ్లీషోడు."

"అంటే పొయ్యేవాడు వచ్చేవాడు ఏలినారు," అన్నాడు బాషా. "ఆ ఊరోళ్లు యాడికి పొయినారు మరి?"

"యాడికి పోతరు? ఆడనే ఉన్నరు. రాయి కొడుతున్నరు, చేపలు పడుతున్నరు. ఎవ్వలు వచ్చినా వాళ్లు ఆడనే ఉన్నరు."

బాషా నవ్వి కాకకు ఇంకో చేప ముక్క వేశాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

చేతులు కడుక్కున్నాక జబ్బార్ భాయ్ అడిగాడు. "గంగారాం భాయ్, బిడ్డకు చెప్పినవా, ఇంటర్వ్యూకు పోతున్నవని?"

"లేదు."

"ఎందుకు? ఖుషీ అయితది కదా."

కాక తువ్వాలతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "పిల్ల మూడో తరగతిల ఉండంగ వస్తున్న అని చెప్పిన. మొదలుపెట్టిన పని అయ్యేదాక పోనియ్యమన్నరు. ఏడో తరగతిల చెప్పిన, పాస్‌పోర్టు ఆఫీసుల ఇరుక్కున్నది. పెద్దమనిషి అయిన ఫంక్షన్‌కు చెప్పిన, విమానం ఎక్కే ముందట రోజు లీవు రద్దు చేసిన్రు. నాలుగోసారి వాళ్లమ్మ పోయినప్పుడు. రేపటికల్లా వస్త, ఆపుండ్రి అన్న. ఎగ్జిట్ కాయిదం వచ్చి నేను పోయేసరికి మూడోనాడు." తువ్వాల మడిచాడు. "అప్పటిసంది వస్తున్న అని చెప్పుడు బంద్ పెట్టిన. పోయిన లీవుకు కూడా చెప్పలే. పోయి హాస్టల్ గేటు ముంగట నిలబడ్డ. ఇప్పుడు కూడా గంతే. ఆడ దిగినంక ఫోన్ చేస్త."

గల్ఫ్‌లో చాలామంది ఇంతే. టికెట్ చేతికొచ్చేదాకా ఇంట్లో చెప్పరు. నేనూ అంతే. కానీ దిగేదాకా చెప్పని మనిషిని ఒక్క కాకనే చూశాను.

తాయిఫ్ దగ్గర

రెండో రోజు పొద్దంతా ఎడారే. మధ్యాహ్నం దాటాక నేల పైకి లేవడం మొదలైంది. తాయిఫ్ దగ్గర గాలి ఒక్కసారి చల్లబడింది. రోడ్డు పక్క గోడ మీద కోతులు, బూడిద రంగు జూలుతో, కుటుంబాలతో సహా కూర్చుని బండ్లను చూస్తున్నాయి. మన కొండగట్టు కోతుల్లా చేతిలోది గుంజుకోవు. డబ్బున్న ఊరి కోతులు కాబోలు, విసిరింది వాసన చూసి ఏరుకుంటున్నాయి.

బొగ్గుల మీద చాయ్ కాస్తున్న యెమెన్ ముసలాయన దగ్గర ఆగాం. కప్పు రెండు రియాళ్లు, పుదీనా ఆకు వేసి ఇచ్చాడు. కాక అక్కడే అంకెలు అప్పజెప్పాడు. మాల్టా భాషలో ఒకటి, రెండు, మూడు అరబ్బీకి దగ్గరగా ఉంటాయి. వాళ్ల రొట్టె, నీళ్లు, దారి కూడా ఇక్కడి మాటలకు చుట్టాలే. రాత మాత్రం ఇంగ్లీషు అక్షరాలతో. యెమెన్ ఆయన కాసేపు విని, ఎక్కడి అరబ్బీ ఇది, జలుబు చేసినవాడు మాట్లాడినట్టుంది అన్నాడు.

కాకకు కోపం రాలేదు. కారెక్కాక అన్నాడు. "ఇరవై రెండేండ్లు ఈడ నేర్సుకున్న మాట. ఊర్లె ఎవ్వలకూ అక్కెర రాదనుకున్న. ఊకె పోదన్నమాట."

ఇంకొంత దూరం పోయాక రోడ్డు చీలింది. పెద్ద బోర్డు ఉంది. మక్కా దారి ముస్లింలకు, మిగతావాళ్లు చుట్టు దారిన పోవాలి. మాకోసం జబ్బార్ భాయ్ చుట్టు దారి పట్టాడు. "మీ ఇద్దరి వల్ల నాకు పెట్రోలు, పుణ్యం రెండూ ఖర్చు," అని నవ్వి, తర్వాత మామూలుగా అన్నాడు. "రేపు ఉమ్రాల నీ కోసం దువా చేస్త. నౌకరీ రావాలని."

"నౌకరీ కాదు భాయ్," అన్నాడు కాక. "పిల్ల కాడ ఉండే రాత రావాలని చెయ్యి."

జబ్బార్ భాయ్ సరేనని తలూపాడు. జెద్దా లైట్లు కనిపించేదాకా ఎవరమూ పాఠం ఎత్తలేదు.

జెద్దా

ఇంటర్వ్యూ ఒక హోటల్ చిన్న హాల్లో. శుక్రవారం సెలవైనా నమాజు తర్వాత పెట్టారు. బయట కుర్చీల్లో ముప్పై మంది దాకా ఉన్నారు. ఎక్కువమంది నేపాల్, కేరళ వాళ్లు. లోపల బల్ల వెనక యాభై దాటిన మాల్టా ఆవిడ, పక్కన పేర్లు రాసుకునే కేరళ క్లర్కు. కాకకు ఇంగ్లీషు తక్కువ కాబట్టి, తర్జుమాకు నన్ను పక్కన కూర్చోనిచ్చారు.

పైపుల ప్రశ్నలు రెండు నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత దీవి మొదలైంది. రాజధాని ఏది. ఎన్ని దీవులు. నీళ్లు ఎక్కడివి. పాత గుళ్లు ఏ రాతివి. కోటలు ఎవరు కట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఏమైంది. బాంబుల కింద జనం రాతిలో తొలిచిన గుహల్లో తలదాచుకున్నారని, ఆ ధైర్యానికి ఇంగ్లండ్ రాజు ఇచ్చిన సిలువ ఇప్పటికీ వాళ్ల జెండా మీద ఉందని కాక తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులోకి మార్చాను. అంకెలు లెక్కపెట్టమంటే ఆయనే సొంతంగా లెక్కపెట్టాడు. ఆవిడ పెన్ను కింద పెట్టి నవ్వింది. మా ఊరి చేపల బజారులో మా తాత ఇలాగే లెక్కపెట్టేవాడు అంది.

ఆమె కాగితం మడుస్తూ, పోయేముందు అడిగే మాటలా అడిగింది. మాల్టాలో మీవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇంగ్లీషులో అడిగినా కాకకు అర్థమైంది. నాకోసం ఆగలేదు.

"మాఫీ," అన్నాడు.

ఆమెకూ అర్థమైంది. నేను "కాకా" అన్నాను. ఆయన బల్ల కింద నా మోకాలు గట్టిగా నొక్కాడు. ఆమె ఏదో రాసుకుంది.

అరగంటకు క్లర్కు బయటికొచ్చి పేర్లు చదివాడు. కాక పేరు లేదు. నేను వెంటపడి అడిగితే అతను హిందీలో చెప్పాడు. "మీతో వచ్చినాయన అందరికంటే బాగా చెప్పాడు. కానీ అక్కడ ఎవరూ లేనివాళ్లు రెండు నెలల్లో సిసిలీ ఓడ ఎక్కి పారిపోతున్నారు. మేడం ఈసారి అక్కడ తమవాళ్లు ఉన్నవాళ్లనే తీసుకుంటోంది. ఒక్క పేరు చెప్పినా సరిపోయేది."

నేను ఆ మాట కాకకు చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి, చొక్కా లోపలికి దోపుకుని, నాకంటే ముందు తలుపు తోశాడు.

"మేడం. మై డాటర్. మాల్టా. మౌనిక."

ఆవిడ పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకుంది. గదమాయించలేదు. "ఇవాళ ఇలా తిరిగొచ్చినవాళ్లలో మీరు నాలుగోవారు," అంది. "అందరికీ బయటికెళ్లాకే చుట్టాలు గుర్తొస్తున్నారు. సరే, ఇప్పుడే ఆమెకు ఫోన్ చేయండి. నేను మాట్లాడతాను. నిజమైతే ఎదురుచూసే జాబితాలో పేరు రాస్తాను. ఎవరైనా తప్పుకుంటే పిలుపు వస్తుంది. రాకపోవచ్చు కూడా. మాట ఇవ్వలేను."

కాక ఫోను చేతిలో ఉంది. మౌనిక పేరు తెర మీద ఉంది. "ఏమంటున్నది?" అన్నాడు. మాట మాటకూ తెలుగులో చెప్పాను.

"పక్కా అంటలేదు గద?"

"అనట్లేదు కాకా."

ఆయన తెర ఆర్పి ఫోను జేబులో పెట్టుకున్నాడు. "థాంక్యూ మేడం," అని వెనక్కి తిరిగాడు. ఆవిడ ఏమైందని నన్ను అడిగింది. నేను సారీ చెప్పి కాక వెనకే బయటికి నడిచాను.

మెట్ల మీద ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. "ఒక్క ఫోను కాకా. పోయేదేముంది?"

"ఈ మేడం అడిగిందంటే పిల్ల ఏమనుకుంటది? బాపు వస్తడు అనుకుంటది. ఇయ్యాల్నే అర్ర సదురుతది. కొత్త దుప్పటి కొంటది. పక్కోళ్లకు చెప్తది." మెట్ల రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు. "మూడుసార్లు సదిరింది బిడ్డా. వాళ్లమ్మ చెప్పేది నాకు, సదిరి గల్మల, గడప కాడ కూసునేదట. పక్కా కాని మాట ఇంగ చెప్ప."

బలద్

జబ్బార్ భాయ్ మక్కా వెళ్లిపోయాడు. మా బస్సు రాత్రికి ఉంది. సాయంత్రం బలద్‌లో తిరిగాం. జెద్దా పాత ఊరు ఇదే. గోడలు సముద్రంలోంచి కోసి తెచ్చిన పగడపు రాయివి. చేత్తో తడిమితే గుల్లల గుర్తులు తగులుతాయి. ఇళ్లకు ముందుకు పొడుచుకొచ్చిన చెక్క గూళ్లు ఉంటాయి, నాలుగు వైపులా మూసి, జాలీ పెట్టి. లోపలివాళ్లు వీధిని చూడవచ్చు, వీధిలోంచి వాళ్లు కనిపించరు. మాల్టా రాజధానిలోనూ ఇలాంటి మూసిన చెక్క బాల్కనీలే ఉంటాయని, అవి అరబ్బుల నుంచే వచ్చాయని కొందరంటారని దారిలో చెప్పాను. కాక మెడ నొప్పెట్టేదాకా పైకే చూశాడు.

ఫూల్, తమీస్ రొట్టె తిన్నాం, ఇద్దరికీ కలిపి పది రియాళ్లు. ఫూల్ అంటే చిక్కుడు గింజలు మెత్తగా ఉడికించి నూనె పోస్తారు. మనవాళ్లైతే పోపు పెడతారు. కాక సగం వదిలేశాడు.

ఫోను మోగింది. మౌనిక ప్రతి శుక్రవారం సాయంత్రం చేస్తుంది. అరుగు మీద కూర్చుని స్పీకర్ పెట్టాడు.

"బాపూ, తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"ఇప్పుడే. యాడున్నవ్, సప్పుడొస్తున్నది?"

"రూములనే. టీవీ అది." వీధిలో అత్తరు అమ్మేవాడు కేక వేస్తూ పోయాడు. "ఆడ గాలి ఎట్లున్నది? ఆఫ్రికా దిక్కు నుంచి ఎర్రమట్టి గాలి వస్తదట గద."

"మొన్ననే వచ్చింది. కార్లన్ని ఎర్రగైనయి. నీకెట్ల తెలుసు?"

"ఫోన్ల చూసిన. మీ ముసలోళ్లు ఉండే ఇంటికి కట్టె బాల్కనీ ఉన్నదా?"

"ఉంది. ఆకుపచ్చది. పొద్దుగూకంగ అందరినీ ఆడ కూసోబెడత." ఆమె నవ్వింది. "ఏంది బాపూ ఇయ్యాల? నాకంటే నీకే ఎక్కువ తెలుసు. ఒకసారి రారాదు, అంత తిప్పి చూపిస్త."

"సూద్దాం బిడ్డా."

"సూద్దాం అంటే రావు నువ్వు."

"ఆఁ," అన్నాడు కాక.

ఫోను పెట్టేశాక ఎదురింటి చెక్క గూటిని ఇంకాసేపు చూశాడు. తర్వాత బస్సు టైము అడిగాడు.

రెండు నెలలకు ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి వెళ్లిపోయాడు. నేనింకా ఖతీఫ్‌లోనే ఉన్నాను. దీవి గురించి, దాని మనుషుల గురించి జెద్దాలో ఆయనను అడిగినవి పదమూడు ప్రశ్నలు. పన్నెండింటికి సరైన జవాబు చెప్పాడు.